సమాచారం సరిపోదు

పొద్దుగాల నాలుగున్నరకు
డిపో రెస్ట్‌రూంల, ఊగే ట్యూబ్‌లైట్ కింద
నేను, ఫర్హీను, ఒకటే పుస్తకం.
కోఠి ఫుట్‌పాత్ మీద నూట ఇరవై చెప్పిండు,
బేరమాడి తొంభైకి తెచ్చినం.
"ఎంత శాతం తగ్గించిండో చెప్పు అక్కా,
మొదటి లెక్క అదే" అన్నది ఫర్హీన్.
ఇరవై ఐదు.
అట్ట లోపల టిక్కు పెట్టుకున్నం.

చిల్లర నా వేళ్లకు వచ్చు.
ముప్పై ఐదు టికెట్టుకు ఐదొందలు తీసే మనిషిని
ఎక్కుతుంటేనే పట్టేస్త.
నాలుగొందల అరవై ఐదు
వాడు నోరు తెరిచేలోపు వాడి చేతిల ఉంటది.
అదే లెక్క పుస్తకంల
"ఒక వ్యాపారి" అని మొదలైతే చాలు
నా బుర్ర నారాయణగూడ సిగ్నల్ కాడ ఆగిపోతది.

నూట ఎనభై మీటర్ల రైలు,
గంటకు యాభై నాలుగు కిలోమీటర్లు,
స్తంభాన్ని దాటనీకె ఎంత సేపు?
ఐదు బై పద్దెనిమిది పెట్టు అంటది ఫర్హీన్.
పెట్టిన. పన్నెండు సెకన్లు.
అక్కడ ఎవరూ దిగరా?
చెయ్యెత్తి ఉరికొచ్చే ముసలామె కోసం
కొంచెమన్న బ్రేకు పడదా?
"అక్కా, అది స్తంభం.
స్టాపు కాదు."

వాక్యాలు నిజమని ఒప్పుకోవాలె,
మనకు తెలిసింది పక్కన పెట్టాలె.
రీజనింగ్‌ల ఇదొక్కటే రూలు,
ఇదొక్కటే నాకు రాదు.
అన్ని ట్యాంకులల్ల నీళ్లుంటయి.
మాసాబ్ ట్యాంక్ ఒక ట్యాంక్.
కాబట్టి?
రోజుకు ఎనిమిదిసార్లు ఆ పేరు అరుస్త నేను.
బకెట్ నీళ్లు చూస్తే ఒట్టు.
లకిడీకాపూల్‌ల లకిడీ ఏది అని అడగబోతే
నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

రవి తూర్పుకు ఐదు కిలోమీటర్లు నడిచి ఎడమకు తిరిగిండు.
ఎందుకు నడిచిండో రాయలేదు.
మా బస్సుల తూర్పు అడిగినోడు లేడు.
పిల్లర్ నంబర్ అడుగుతరు,
మూతబడ్డ టాకీసు అడుగుతరు,
అది కూలగొట్టినంక కూడ అదే అడుగుతరు.

భిన్నమైనదాన్ని గుర్తించుము:
డాక్టర్, టీచర్, కండక్టర్, ఇంజనీర్.
వెనక పేజీల జవాబు, కండక్టర్.
కారణం లేదు.
ఫర్హీన్ పెన్నుతోని దాన్ని కొట్టేసి
"ఇంజనీర్" అని రాసింది.
"మిగిలిన ముగ్గురు పొద్దంత మనుషుల మొఖాలు చూస్తరు."
ఇద్దరం నవ్వితే
మూల బల్ల మీద పండుకున్న డ్రైవర్ మల్కయ్య
అటు తిరిగి పండుకున్నడు.

ఒక్క లెక్క మాత్రం
కాయితం ముట్టకుండ చెప్పిన.
తల్లి వయసు బిడ్డకు మూడింతలు,
పన్నెండేండ్లకు రెండింతలు.
ముప్పై ఆరు, పన్నెండు.
నేను, మా శ్రీనిజ.
ఆ పన్నెండేండ్లు నేను నిలబడి టికెట్లు కొడ్తనా,
ఫ్యాను కింద కూసోని ఫైళ్లు రాస్తనా
వాళ్లు అడగలే.

నాలుగో ఆప్షన్ ఒకటుంటది కొన్నింటికి.
ఇచ్చిన సమాచారం సరిపోదు.
రానోళ్లు చెప్పే సాకు అనుకునేదాన్ని,
దాని దిక్కు చూడకపోయేదాన్ని.
మొన్న తెలిసింది, అదీ జవాబే,
దానికీ మార్కు ఇస్తరని.
తప్పుకు పావు మార్కు కోస్తరు గని
తెలియదని తెలుసుకుంటే కొయ్యరట.
ఇన్నేండ్లల్ల ఏ మనిషీ నాకియ్యని సౌలతు.

"ఈసారి వస్తదంటవా?" అడిగింది ఫర్హీన్,
బుర్ఖా మీద ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంట.
"డి" అన్న.

ఐదుంబావు. మల్కయ్య హారన్ కొడ్తున్నడు.
అధ్యాయంల ఇంక పదకొండు లెక్కలున్నయి.
ట్రిప్పుకు రెండు చేస్తే
ఐదున్నర ట్రిప్పులు.
"అర ట్రిప్పు ఉండది కద అక్కా?"
"ఉప్పల్ కాడ బ్రేక్‌డౌన్ అయితే
ఉంటది."